పటంలో తెల్లగా ఉన్న ఊరు

కుట్టు గది, మేడ కింద
వానలు మొదలైన వారం

ఒరేయ్ తమ్ముడూ,

బాగున్నావా అని అడగను. బాగానే ఉంటావు, ఫ్యాను కింద కూర్చుని మా అందరినీ అంకెలు చేసుకుంటూ. నిన్న నర్సుల గౌన్లు కుట్టినవి ఇవ్వడానికి పెద్దాసుపత్రికి వెళ్లాను. మొన్నటిదాకా బోసిగా ఉన్న గోడకి మీ ఆఫీసువాళ్ల పటం ఒకటి తగిలించారు. ఏ చోట ఏ క్యాన్సరు ఎంతమందికి వచ్చిందో రంగుల్లో వేశారు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే రకం దగ్గర చూద్దును కదా, పటమంతా లేత గులాబీ, అక్కడక్కడా తెలుపు, మా వార్డు ఒక్కటీ చిక్కటి ఎరుపు. మీ బావని తీసుకుపోయింది ఆ జబ్బే కదరా.

ఆయన సిగరెట్టు ముట్టిన మనిషి కాదు. బస్సు డిపోలో టికెట్ల లెక్క చూసుకునేవాడికి ఇదెందుకొచ్చిందని అప్పట్లో డాక్టర్ని అడిగితే వేలు పైకి చూపించాడు. పైన ఎవరున్నారో నాకు తెలీదు గానీ వీధి చివర ఎవరున్నారో తెలుసు. పాత బ్యాటరీలు విప్పి బాగుచేస్తాడే, అతను. ఆ షెడ్డు ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ ముక్కు మండుతుంది.

అమ్మాయికి ఐదో నెల. అల్లుడు ఓడ మీద వెళ్లాడు, కాన్పయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది. ఈ ఎరుపు మధ్యలో దాన్ని ఉంచుకుని నేను నిద్రపోవాలి. కాబట్టి మా వార్డులో ఎవరెవరికి వచ్చిందో పేర్లు రాసి పంపు. మీ ఆఫీసు ఫోను మీ పెద్దాయన బల్ల మీద ఉంటుంది కనక అందులో నీళ్లు నములుతావు. కాగితం మీద నమలలేవు.

మేడ గదిలో ఎప్పటిలాగే కొండ మీది చుట్టాలు దిగారు, మా ఆడపడుచు తాలూకు. వాళ్లకి వండిపెట్టి వచ్చి రాస్తున్నాను. వెంటనే జవాబు రాయి.

అక్క

క్యాన్సరు నమోదు కార్యాలయం, మూడో అంతస్తు

అక్కా,

నీ ఉత్తరానికి ఏం రాయాలో తోచక సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను. పేర్లు నా దగ్గర ఉండవు. పేర్లూ తలుపు నంబర్లూ వేరే విభాగంలో ఉంటాయి, నాకొచ్చేది వయసు, జబ్బు, వీధి, అంతే. ఉన్నా పంపకూడదు. జబ్బు చేసినవాడి పేరు వాడి సొంతం.

ఎరుపు చూసి బెంబేలు పడకు. జనం తక్కువున్నచోట నలుగురికి వచ్చినా రంగు మారిపోతుంది. ముసలివాళ్లు ఎక్కువుంటే ఎక్కువ కనిపిస్తుంది, మంచి ఆసుపత్రి పక్కనుంటే ఎక్కువ బయటపడుతుంది. ఒకచోట పొగాకు, ఒకచోట కాలేయానికి పట్టే వైరస్సు, ఇంకోచోట పని చేసే చోటి దుమ్ము. ఏ రెండు చోట్ల జనానికీ ఒకే రాత ఉండదు. వయసుల తేడా సర్దాక కూడా మీ వార్డు ఎర్రగానే ఉందన్నది మాత్రం నిజం. అది దాచను.

బ్యాటరీ అతని జోలికి పోవద్దు. సీసం మంచిది కాదు, పిల్లలకి మరీ చెరుపు. కానీ దానికీ ఈ జబ్బుకీ చుట్టరికం లేదు. ఇది ఒక రకం రాతి నార పీల్చినవాళ్లకి వస్తుంది. రాయే, కానీ సన్నటి పీచుగా విడిపోతుంది. అది పీల్చిన ముప్పై నలభై ఏళ్లకి జబ్బు పైకి తేలుతుంది. అతని షెడ్డు పెట్టి ఎన్నేళ్లయిందో నీకే తెలుసు.

చెప్పకూడని మాట ఒకటి చెబుతున్నాను, చదివి చించెయ్యి. ఆరేళ్లలో మీ వార్డుకి పదకొండు మంది. బావతో కలిపి. పదకొండూ మీ వీధి పేరు మీదే ఉన్నాయి.

తమ్ముడు

కుట్టు గది

తమ్ముడూ,

చించలేదు. పెట్టెలో బట్టల అడుగున పెట్టాను. రేపు నువ్వు మాట మారిస్తే చూపించడానికి.

నువ్వు పదకొండు అన్నాక ఇంట్లో కూర్చోగలనా? టేపు మెళ్లో వేసుకుని కొలతల వంకతో ప్రతి గడపా ఎక్కాను. జాకెట్టు వదులైందా, పిల్లాడి నిక్కరు పొట్టిదైందా అంటూ మొదలుపెట్టి మెల్లిగా ఆరా తీశాను. బీపీలున్నాయి, షుగర్లున్నాయి, ఒకాయనకి కిడ్నీలో రాళ్లున్నాయి, వాటిని సీసాలో పెట్టి మరీ చూపించాడు. ఈ జబ్బు మాత్రం ఒక్కరికీ లేదు, దానితో పోయినవాళ్లూ లేరు. ఇంత బెత్తెడు వీధిలో పదిమంది రోగుల్ని ఎవరు దాస్తార్రా? గుమాస్తా గారి భార్య నా మొహాన్నే అంది, మీ ఇంటికొచ్చింది మా అందరికీ అంటగట్టకండి అని. అప్పటినుంచీ వీధిలో ఎవరు దగ్గినా కిటికీ రెక్కలు మూసుకుంటున్నాయి. కుళాయి దగ్గర ఒకరి బిందె ఇంకొకరు ముట్టుకోవడం లేదు.

రాతి నార అన్నావు. అడిగాను. కప్పు రేకుల్లో ఉంటుందట. మా వీధిలో అన్నీ స్లాబు ఇళ్లే. కాబట్టి నీ రాతి నార కథ నాకు ఎక్కలేదు. జనం లేరు, రేకులు లేవు, అంకె మాత్రం ఉంది. అయితే ఆ అంకె తప్పయినా అయ్యుండాలి, నువ్వు ఎవర్నో కాపాడుతూ అయినా ఉండాలి. ఎవర్ని? బ్యాటరీ అతనికి మీ ఆఫీసులో చుట్టాలున్నారా? లేక మునిసిపాలిటీవాళ్లు మీ పెద్దాయనకి ఏమైనా ముట్టజెప్పారా? నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని. నువ్వు పెన్ను నములుతున్నావంటే ఏదో దాస్తున్నావని నాకు ఇక్కడినుంచే తెలుస్తుంది.

మేం మాత్రం ఊరుకోలేదు. బ్యాటరీ అతన్ని ఖాళీ చేయించమని వీధివాళ్లందరం సంతకాలు పెట్టి షెడ్డు యజమానికి అర్జీ ఇచ్చాం. మొదటి సంతకం నాదే.

మేడ మీదివాళ్లు నిన్న వెళ్లిపోయారు. ఊరికే తిని కూర్చోవడం ఇష్టం లేక గదికి తెల్లగా పూత వేసి మరీ వెళ్లారు. మర్యాద అంటే వాళ్లది. మీ ఆఫీసువాళ్లకి నేర్పించాల్సింది.

అక్క

నమోదు కార్యాలయం

అక్కా,

నన్ను అమ్ముడుపోయినవాణ్ణి చేశావు. బావ ఊపిరి ఆడక రాత్రంతా కూర్చునే ఉంటే వెనక దిండులా నేనే కదా ఆనుకుని కూర్చున్నాను. ఆ మనిషి జబ్బుని నేను ఎవరికి తాకట్టు పెడతాను? ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

నీ మాటల్లో ఒక్కటి మాత్రం నాకు గుచ్చుకుంది. వీధిలో ఎవరికీ లేదన్నావు. పోనీ నలుగురు దాచుకున్నారనుకుందాం, పదిమందీ దాచుకోలేరు. అందుకని తలుపు నంబర్లు సరిచూడమని ఆ విభాగానికి రాశాను. వాళ్లది నత్త నడక. ఓపిక పట్టు.

ఈలోగా అంత భయంగా ఉంటే అమ్మాయిని కొండ మీదికి, మీ ఆడపడుచు దగ్గరికి పంపు. పటంలో ఆ ఊరు తెల్లగా ఉంది. ఆరేళ్లలో ఈ జబ్బు అక్కడ ఒక్కటి కూడా నమోదు కాలేదు. నీ నిద్ర నువ్వు పోవచ్చు, నా పని నేను చేసుకోవచ్చు.

తమ్ముడు

కుట్టు గది
వానలు వెనకబట్టాక

తమ్ముడూ,

నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, నా దగ్గర ఇంతకంటే పెద్దది ఉంది. కానీ నీ సలహా మాత్రం పాటించాను. అమ్మాయిని బస్సెక్కించి కొండకి పంపాను. చేరినట్టు ఉత్తరం రాసింది. గాలి చల్లగా ఉందట, ఇల్లు అద్దంలా ఉందట, అత్త కాలు కింద పెట్టనివ్వడం లేదట. ఈ మధ్యకాలంలో నేను హాయిగా పడుకున్నది ఆ ఉత్తరం వచ్చిన రోజే.

బ్యాటరీ అతను షెడ్డు ఖాళీ చేశాడు. వెళ్లేముందు నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకుని నేనూ సిద్ధంగానే ఉన్నాను. తిట్టలేదు. అర్జీకి ముందే నా కుట్టు మిషను మోటారు బాగుచేయమని అతనికే ఇచ్చి ఉన్నాను, అది తిరిగి ఇచ్చేశాడు, బాగుచేసే ఇచ్చాడు. ఇచ్చి ఒక్క మాట అన్నాడు.

"మీ మేడ మీద ఏడాది పొడుగునా ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు కదమ్మా. వాళ్లనెవరూ ఏమీ అడగలేదేం?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోతూ పోతూ నా ఇంటికొచ్చిన చుట్టాల మీద పుల్ల వేసి పోయాడు. తలుపు వేసేశాను. కానీ ఆ రోజు నుంచీ మిషను మీద కుడుతుంటే ఆ మాటే చెవిలో తిరుగుతోంది, ఎందుకో తెలీదు.

నీ తలుపు నంబర్లు వచ్చాయా, లేక వాటినీ ఎవరైనా దాచారా?

అక్క

నమోదు కార్యాలయం

అక్కా,

తలుపు నంబర్లు వచ్చాయి. పదకొండుకి పదకొండూ ఒకే నంబరు. అది నీ ఇల్లు.

కాగితం తెచ్చినామె నా బల్ల ముందే నిలబడి, ఈ ఇంటి గలావిడ మీకు తెలుసా అని అడిగింది. తెలీదని చెప్పాను. ఇన్నేళ్ల నౌకరీలో చెప్పిన మొదటి అబద్ధం. ఇప్పుడు నేను నిన్ను అడగాలి. బావ ఒక్కడే నాకు తెలుసు. తక్కిన పదిమంది ఎవరు? నీ ఇంట్లో ఎవరుంటున్నారు? అద్దెకిచ్చావా? ఎవరి రోగాలకైనా నీ పేరు వాడుకోనిచ్చావా? గడపగడపకీ తిరిగి ఆరా తీశావు, నన్నూ అనుమానించావు, నీ గడప మాత్రం వదిలేశావు. ఎవర్ని కాపాడుతున్నావని నన్ను అడిగావే, అదే మాట నిన్ను అడుగుతున్నాను.

దాచకు. ఈసారి పెన్ను నేను నమలడం లేదు.

తమ్ముడు

కుట్టు గది

తమ్ముడూ,

చెబుతాను. నువ్వు సర్కారు మనిషివని ఇన్నాళ్లూ చెప్పలేదు.

పెద్దాసుపత్రి కౌంటరు దగ్గర ఊళ్లోవాళ్లకి ఒక వరస, బయటివాళ్లకి ఒక వరస. ఊళ్లోవాళ్లని ఆ వారమే చూస్తారు. బయటివాళ్లు కాగితాలు పట్టుకుని నెలలకొద్దీ తిరగాలి. మీ బావ ఉన్నప్పుడే కొండ నుంచి ఒక పెద్దాయన ఆయాసపడుతూ వచ్చి, మూడుసార్లు వెనక్కి వెళ్లిపోవడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. మా ఇంటి నంబరు చెప్పండి, మా బావగారని చెప్పండి అన్నాను. ఆ వారమే చూశారు. అప్పటినుంచీ కొండ దిగినవాళ్లందరికీ మా నంబరు నోటికి వచ్చు. మా ఆడపడుచు వాళ్లకి నేర్పించి మరీ పంపుతుంది.

వాళ్లది చలికొచ్చే ఆయాసం, చలి దమ్ము అనుకున్నాను. వాళ్లూ అలాగే అంటారు. పొరలో నీరు చేరిందంటారు, తీయించుకుంటారు, కాస్త తేలికపడగానే కొండెక్కుతారు. మళ్లీ కొందరు రారు. డాక్టర్లు జబ్బు పేరు వాళ్లకి చెప్పలేదో, వాళ్లు నాకు చెప్పలేదో. నేను వెచ్చగా అన్నం పెట్టానే గానీ, ఇంతమందికి ఒకే దమ్ము ఏమిటని ఒక్కనాడూ అనుకోలేదు. బ్యాటరీ అతను అనుకున్నాడు.

అంటే మా వీధిలో ఎవరికీ లేదు. ఆ ఎరుపు మాది కాదు, నా చేత్తో తెచ్చి మా వీధికి పూశాను. ఆ పదిమందీ కొండవాళ్లు. అందుకే మీ పటంలో కొండ తెల్లగా

ఇక్కడ ఆగిపోయానురా. మీ బావ పుట్టి పెరిగింది అక్కడే. నా పిల్ల అక్కడుంది.

అక్క

బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను

అక్కా,

ముందు ఇది చదువు, తరవాత ఏడుద్దాం. పంపమన్నది నేను. తెలుపు అంటే జబ్బు లేదని కాదు, లెక్కలోకి రాలేదని కూడా కావచ్చు. ఇది కొత్తగా చేరేవాళ్లకి నేను మొదటి రోజు చెప్పే పాఠం. నీ మీద కోపంలో నా పాఠం నేనే మర్చిపోయాను. మనుషులు వలసపోయినా చిన్నప్పుడు పీల్చిన గాలి వాళ్లతోనే వస్తుందని కూడా చెబుతుంటాను. బావ దగ్గర అది ఒక్కసారీ తట్టలేదు.

మా ఆఫీసు డాక్టరమ్మకి అంతా చెప్పేశాను, అబద్ధం ఆడిన సంగతితో సహా. ఆవిడ ఒక్కటే అడిగింది, ఆ ఊళ్లో గోడలకి ఏం పూస్తారు అని. ఊరి తెల్ల మట్టే అన్నాను, బావ చెబితే విన్నదే. కొన్ని దేశాల్లో కొండ ఊళ్లలో తెల్ల మట్టి తవ్వి ఇళ్లకి పూసుకునేవారట. ఆ మట్టిలోనే రాతి నార ఉండేదట. పక్క ఊళ్లలో లేని జబ్బు తరతరాలుగా ఆ ఊళ్లలోనే ఉండేదట. ఇక్కడా అదేనని ఇంకా రుజువు కాలేదు. మట్టి పరీక్ష చేయించాలి. కానీ రుజువు కోసం అమ్మాయిని అక్కడ ఉంచొద్దు.

నువ్వు వెంటనే వెళ్లు. మట్టి దంచే చోటా, ఊడ్చే చోటా అమ్మాయి ఉండకూడదు. పొడిగా గీకొద్దు, తడిపాకే ముట్టుకోవాలి. పిడికెడు మట్టి తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించి తీసుకురా. ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో: పీల్చిన ప్రతివాళ్లకీ రాదు. కొన్నాళ్లు పీల్చినదానికీ పుట్టినప్పటినుంచీ పీల్చినదానికీ చాలా తేడా ఉంది. అమ్మాయి అక్కడున్నది కొన్నాళ్లే. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు, లెక్క ప్రకారమే రాస్తున్నాను.

తమ్ముడు

ఆడపడుచు ఇల్లు, కొండ మీద

తమ్ముడూ,

వచ్చేసరికి మా ఆడపడుచు వాకిట్లో తెల్లటి గడ్డలు రోకలితో దంచుతోంది. పసిబిడ్డ వస్తుంది కదా, ఇల్లంతా కొత్తగా పూయాలని. అమ్మాయి పక్కన పీట వేసుకుని జల్లెడ పడుతోంది. కనుబొమలు తెల్లగా, ముంగురులు తెల్లగా. నన్ను చూసి నవ్వింది. జల్లెడ లాగి అవతల పడేసి, దాన్ని రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లి తలమీద నీళ్లు కుమ్మరించాను. నాకు పిచ్చెక్కిందనుకున్నారు. ఆడపడుచు మొహం చిన్నబోయింది, మా ఇంటి గోడ మీ పిల్లకి మురికైందా అంది.

కూర్చోబెట్టి నువ్వు రాసిందంతా చెప్పాను. పోయిన మీ బావ నుంచి మొన్న మా మేడ దిగి వెళ్లినవాళ్ల దాకా, పేరు పేరునా. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుందల్లా కొంచెం ముందుకి జరిగింది. తరవాత అడిగింది.

"నీ ఇంటి నంబరిచ్చి మమ్మల్ని బతికించావనుకున్నాం. మమ్మల్ని లెక్కలోంచే తీసేశావా, వదినా?"

దీనికి జవాబు నీ లెక్కల్లో ఉంటే పంపు. ఇక్కడి నలుగురు పెద్దమనుషులూ వచ్చి కూర్చున్నారు. సగం మంది నమ్మలేదు. మా తాతల నాటి మట్టి, మీ పట్నం డాక్టర్ల మాట విని గోడలు మసిచేసుకోవాలా అన్నారు. నమ్మిన సగం మందీ ఇంకో సంగతి అడిగారు. ఇకమీదట వాళ్ల ఊరి పేరే చెప్పమంటే చెబుతారు. కానీ కౌంటరు దగ్గర మళ్లీ నెలలకొద్దీ నిలబెడితే, లెక్కలో చేరేలోపు మనుషులు మిగలరు. ఆ బయటి వరస ఎత్తించే పూచీ నీది. మీ పెద్దాయన బల్ల మీద ఆ ఫోను ఊరికే ఉంది కదా, దాన్ని దీనికి వాడు. అది అయ్యేదాకా నా ఇంటి నంబరు నేను వెనక్కి తీసుకోను. నువ్వు నీ కాగితాల్లో ఏం రాసుకుంటావో రాసుకో.

బ్యాటరీ అతను ఎక్కడికి పోయాడో కనుక్కున్నాను. దిగగానే వెళ్లి వెనక్కి రమ్మంటాను. రాకపోతే రానీ, నా మొదటి సంతకం కొట్టేశానని మాత్రం అతని మొహం మీద చెప్పాలి.

డబ్బాలో మట్టి పెట్టాను, నువ్వు చెప్పినట్టే తడిపి. తడపకముందు పాలపిండిలా ఉంది, చేతికి పట్టులా తగులుతుంది. అది చేత్తో తాకగానే నాకు కొత్తగా అనిపించలేదు. మా మేడ గదికి ప్రతిసారీ చుట్టాలు పూసి వెళ్లేది ఇదే. బస్తాలో మోసుకొచ్చేవాళ్లు, వండిపెట్టిన చేతికి బదులుగా. మొదటిసారి పూసింది మాత్రం మీ బావ, అమ్మాయి పుట్టిన ఏడు. పెళ్లయి వెళ్లేదాకా అది ఆ గదిలోనే పెరిగింది. ఆ గోడకి వీపు ఆనించే చదువుకుంది. పూత రాలితే చీపురు పట్టి పొడిగా ఊడ్చింది నేనే.

కొన్నాళ్లే పీల్చింది అని రాశావు. కాదురా. నాకు చాలా భయంగా ఉంది. ప్రతివాళ్లకీ రాదన్న నీ మాట పట్టుకునే బస్సెక్కుతున్నాం, నేనూ, అమ్మాయీ, దాని కడుపులోదీ.

ఆ పదిమందినీ కొండకి మార్చు, అది న్యాయం. మీ బావది ఎక్కడ రాయాలో నువ్వే తేల్చుకో. మా వీధి లెక్క మాత్రం అప్పుడే మూసెయ్యకు.

అక్క